పోటీ ఉన్న ఊళ్లో టిఫిన్ సెంటర్‌కి చోటు ఎలా వెతకాలి?

నా మొదటి టిఫిన్ సెంటర్ 11 నెలలు నడిచింది. అద్దె అగ్రిమెంటు కూడా 11 నెలలకే రాసుకున్నాం కాబట్టి ఆ ఒక్క విషయంలో లెక్క సరిపోయింది.

నేను చేసిన తప్పు వంటలో లేదు. ఊళ్లో ఎక్కువ ఇళ్లు కొత్త కాలనీలో ఉన్నాయి కదా అని అక్కడే షట్టర్ తీసుకున్నాను. అప్పటికి ఆ రోడ్డు పొడుగునా మరో టిఫిన్ సెంటర్ లేదు. స్కూలు మలుపు వాళ్లూ, సెంటర్లో (ఊరి కూడలిలో) ఉండేవాళ్లూ కూడా బండేసుకుని వచ్చేవాళ్లు. తొమ్మిదిన్నరకల్లా పిండి అయిపోయేది. ఐదో నెలలో స్కూలు మలుపు దగ్గర ఒకాయన పెనం పెట్టాడు. ఆయన చట్నీ నా చట్నీ కంటే గొప్పదేం కాదు. కానీ కాలనీ వాళ్లకి తప్ప ఊళ్లో మిగతా అందరికీ ఆయన నాకంటే ముందు తగులుతాడు. అంతే, నెల తిరిగేసరికి పది దాటినా పిండి గిన్నె సగం నిండుగానే ఉండేది.

ఆ దెబ్బ తర్వాత చోటు వెతకడానికి ఒక పద్ధతి పట్టుకున్నాను. టిఫిన్ సెంటర్‌కే కాదు, కిరాణా, పాలబూత్, ఇస్త్రీ బండి, మెడికల్ షాపు, దేనికైనా పనికొస్తుంది. మీకు కావాల్సింది ఒక కాగితం, పెన్సిలు, రెండు మూడు పొద్దులు.

ముందు ఊరిని కాగితం మీదకి దించండి

మ్యాప్ అందంగా ఉండక్కర్లేదు. జనం ఉండే చోట్లకి చుక్కలు పెట్టండి, వాటిని కలిపే రోడ్లకి గీతలు గీయండి. ప్రతి చుక్క పక్కన ఇళ్లెన్నో, ప్రతి గీత మీద దూరమెంతో రాయండి. మా ఊరిని కాస్త సరళం చేసి, అంకెల్ని గుండ్రంగా మార్చి చూపిస్తాను:

గుడి వీధి – 120 ఇళ్లు
సెంటర్ – 60 ఇళ్లు
రైల్వే గేటు – 80 ఇళ్లు
స్కూలు మలుపు – 90 ఇళ్లు
కొత్త కాలనీ – 150 ఇళ్లు

మొత్తం 500. గుడి వీధి నుంచి సెంటర్‌కి 300 మీటర్లు, రైల్వే గేటు నుంచి సెంటర్‌కి 200. సెంటర్ నుంచి స్కూలు మలుపుకి 400, అక్కణ్ణుంచి కొత్త కాలనీకి ఇంకో 500. ఇవి తప్ప వేరే రోడ్లు లేవు.

దూరం రాసేటప్పుడు ఒక జాగ్రత్త. ఫోన్లో మ్యాప్ తీసి రెండు చోట్ల మధ్య వేలు పెట్టి కొలిస్తే వచ్చేది కాకి దూరం. మనిషి కాకిలా ఎగరడు. మధ్యలో కాలువ ఉంటే వంతెన దాకా పోవాలి, రైలు పట్టాలుంటే గేటు దాకా పోవాలి. నడిచే దారి దూరమే రాయండి. డివైడర్ ఉన్న రోడ్డయితే మరీ జాగ్రత్త: ఎదురుగా కనిపించే షాపు కూడా బండి మీద పోయేవాడికి యూటర్న్ తీసుకుంటే అర కిలోమీటరు పడొచ్చు. అలాంటి రోడ్డుని ఒక గీతగా కాదు, రెండు గీతలుగా గీయండి.

ఇళ్ల లెక్క ఎలా అంటారా? అపార్ట్‌మెంటుకి వెళ్తే కింద కరెంటు మీటర్లు వరసగా ఉంటాయి, లెక్కపెట్టుకోండి. ఓటర్ల జాబితాలో పోలింగ్ కేంద్రం వారీగా ఓటర్ల సంఖ్య ఉంటుంది, వీధుల మధ్య నిష్పత్తి తెలియడానికి అది చాలు. నాకు అందరికంటే బాగా పనికొచ్చింది పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు. "తమ్ముడూ, కాలనీలో ఎన్ని ఇళ్లకి వేస్తావు?" అంటే, "వంద దాకా వేస్తా అన్నా. కానీ అందులో ముప్ఫై ఇళ్లవాళ్లు ఏడింటికే తాళం వేసి వెళ్లిపోతారు" అన్నాడు. ఆ రెండో ముక్క ఏ జాబితాలోనూ దొరకదు.

సగం ఎక్కడ పడుతుందో పట్టుకోండి

ఇప్పుడు అసలు పని. రోడ్లు చెట్టు కొమ్మల్లా చీలి, ఎక్కడా తిరిగి కలవకపోతే (మా ఊరు అలాంటిదే) చాలా తేలికైన ఉపాయం ఉంది. మొత్తం ఇళ్లలో సగం ఎంతో చూసుకోండి, మనకి 250. తర్వాత కొమ్మల చివర ఉన్న చుక్కల్లో చిన్నదాన్ని తీసి, దాని ఇళ్లని పక్క చుక్కలో కలిపేయండి. ఏదో ఒక చుక్క సగానికి చేరేదాకా ఇలాగే చేస్తూ పోండి.

మన చివరి చుక్కలు గుడి వీధి, రైల్వే గేటు, కొత్త కాలనీ. అన్నిటికంటే చిన్నది గేటు, 80. దాన్ని సెంటర్లో కలిపితే సెంటర్ 140 అయింది. తర్వాత చిన్నది గుడి వీధి, 120. అదీ కలిపితే 260. సగం దాటింది, ఆగిపోండి. చోటు సెంటర్.

చూశారా, ఊళ్లో అన్నిటికంటే తక్కువ ఇళ్లు ఉన్న చోటు అది! ఇంకో తమాషా, ఈ లెక్కలో దూరాలు వాడనే లేదు. చెట్టులాంటి రోడ్లకి దూరం ఎంతున్నా సగం పడే చోటు మారదు. చైనా గణితవేత్త హువా లువోగెంగ్, ఆయన సహచరులు 1960ల మొదట్లో గోధుమ కోతల కోసం ఇలాంటి పద్ధతే రాశారు. చుట్టుపక్కల పొలాల నుంచి మోత తక్కువ పడాలంటే కళ్ళం ఎక్కడ వేయాలన్నది వాళ్ల ప్రశ్న. మనం కళ్ళం బదులు పెనం పెడుతున్నాం.

ఇందులో పోటీ ఎక్కడుంది? మీరు సెంటర్లో ఉన్నారనుకోండి. రేపు ఎవరైనా వచ్చి స్కూలు మలుపులో పెడితే వాళ్లకి స్కూలు, కాలనీ కలిపి 240 ఇళ్లు దగ్గరవుతాయి. మీకు 260. ఇంకెక్కడ పెట్టినా వాళ్లకి దక్కేది అంతకంటే ఎక్కువ ఉండదు. అదే నాలాగా కొత్త కాలనీలో పెడితే? స్కూలు మలుపులో పెట్టినవాడికి 350, మీకు 150. నా కథ ఇదే. ఇది నాకు ముందే తెలిసుంటే లక్షన్నర అడ్వాన్స్ మిగిలేది.

కానీ సెంటర్లో ఇప్పటికే ఒకరుంటే?

మామూలుగా ఉంటారు. మంచి చోటు ఖాళీగా మన కోసం ఎదురుచూడదు. కాబట్టి చాలామందికి అసలు అవసరమైన మెట్టు ఇదే. కాస్త నిదానంగా చదవండి.

సెంటర్లో పాత టిఫిన్ సెంటర్ ఉంది. మీరు రెండోవాళ్లు. ఒక్కో చుక్క దగ్గర నిలబడి, "నేనిక్కడ పెడితే ఏ ఇళ్లకి ఆయన కంటే నేను దగ్గరవుతాను?" అని రాయండి. స్కూలు మలుపు అయితే 240. కొత్త కాలనీ అయితే 150 (స్కూలు మలుపు నుంచి కాలనీకి 500, సెంటర్‌కి 400. కాబట్టి ఆ 90 ఇళ్లు ఆయనవే). గుడి వీధి అయితే 120. గేటు అయితే 80.

ఇక్కడే చాలామంది పెన్సిలు పక్కన పెట్టి స్కూలు మలుపులో షట్టర్‌కి అడ్వాన్స్ ఇచ్చేస్తారు. ఇంకో ప్రశ్న మిగిలే ఉంది. మీ తర్వాత వచ్చేవాడు ఎక్కడ పెడతాడు?

మీరు స్కూలు మలుపులో ఉంటే, మూడోవాడికి కొత్త కాలనీ నోరూరిస్తుంది. 150 ఇళ్లు, పోటీ లేదు. సెంటర్లో పాతాయన పక్కనే పెట్టి సగం పంచుకుంటే 130, మీ పక్కన పెట్టి పంచుకుంటే 120. అన్నిటికంటే కాలనీయే మెరుగు. వాడు అక్కడ పెట్టగానే మీకు మిగిలేది 90. 240 కాస్తా 90!

అదే మీరు ముందే కొత్త కాలనీలో ఉంటే? మొదట 150తోనే మొదలవుతారు, నిజమే. కానీ మూడోవాడి కళ్లతో చూడండి. సెంటర్లో పాతాయన కింద ఇప్పుడు 350 ఇళ్లున్నాయి. ఆయన పక్కనే పెడితే సగం, అంటే 175. గుడి వీధిలో పెడితే 120. మీ పక్కన పెడితే 75. వాడు మీ జోలికి రాడు, సెంటర్ మీదకే పోతాడు. మీ 150 మీకే ఉంటాయి.

ఊళ్లో మొదటివాడికి మునిగే చోటైన కొత్త కాలనీయే రెండోవాడికి బతికించే చోటు అయింది. ఇళ్లు మారలేదు, రోడ్లు మారలేదు. ఎవరు ఎక్కడ ఉన్నారు, ఎవరు తర్వాత వస్తారు అన్నది మాత్రమే మారింది. నా సలహా: మూడోవాడు రాడని గట్టి నమ్మకం ఉంటే (పెట్టుబడి పెద్దది, లైసెన్సు కష్టం, ఇంకో షట్టరే లేదు) స్కూలు మలుపు తీసుకోండి. టిఫిన్ సెంటర్లాంటి వ్యాపారంలో మూడోవాడు రాకపోవడం అన్నది ఉండదు. ఒక బండి, ఒక సిలిండర్ చాలు.

పక్కనే పెట్టాలా, దూరంగా పెట్టాలా?

అమెరికా ఆర్థికవేత్త హెరాల్డ్ హోటెలింగ్ 1929లో రాసిన వ్యాసం నుంచి ఈ ప్రశ్న మీద వాదన నడుస్తూనే ఉంది. ఒకే పొడవాటి వీధిలో ఇద్దరు అమ్మేవాళ్లుంటే, ఇద్దరూ ఎదుటివాడి వైపుకి జరుగుతూ జరుగుతూ చివరికి పక్కపక్కనే చేరతారని ఆయన వాదన. బస్టాండ్ దగ్గర జ్యూస్ షాపులు వరసగా ఎందుకుంటాయో దీంతో కొంత అర్థమవుతుంది. అయితే 1979లో ముగ్గురు ఆర్థికవేత్తలు ఆ వాదనలో లొసుగు చూపించారు. ధర కూడా ఎవరిష్టం వాళ్లు మార్చుకోగలిగితే, మరీ దగ్గరైన ఇద్దరి మధ్య ధర ఎక్కడా నిలవదు. ఒకడు రూపాయి తగ్గిస్తే ఇంకొకడు రెండు తగ్గిస్తాడు.

దీన్ని మన భాషలో చెప్పుకుంటే ఇలా. మీ సరుకు మీద ధర ముందే అచ్చయి ఉంటే, మందుల షాపులాగా, పక్కన ఇంకొకరున్నా మరీ భయపడక్కర్లేదు (డిస్కౌంటు బోర్డులు లేస్తే అది వేరే కథ). ప్లేటు ఇడ్లీ ఎంతకి అమ్మాలో మీరే నిర్ణయించుకునేటట్టయితే కాస్త ఎడంగా ఉండండి. పక్కపక్కనే ఉన్న రెండు టిఫిన్ సెంటర్ల ధరల యుద్ధం నేను చూశాను. చివరికి ఇద్దరూ కొబ్బరి చట్నీలో కొబ్బరి మానేశారు.

కొనేవాళ్లు పది షాపులు తిరిగి చూసి ఎంచుకునే సరుకు అయితే ఇదంతా తలకిందులు. చార్మినార్ పక్కన లాడ్ బజార్లో గాజుల షాపులు, కోఠిలో పుస్తకాల షాపులు, విజయవాడ వస్త్రలతలో బట్టల హోల్‌సేల్ దుకాణాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేది అందుకే. ఊరవతల ఒంటరిగా గాజుల షాపు పెడితే ఎవరొస్తారు? టిఫిన్‌కి మాత్రం ఎవరూ పది షాపులు తిరగరు. ఆకలేస్తుంది కదా.

దగ్గరుంటే వస్తారన్న గ్యారంటీ లేదు

ఇప్పటిదాకా "దగ్గరైతే మనవాళ్లే" అని లెక్క కట్టాం. నిజానికి మంచి దోసె కోసం రెండు వీధులు ఎక్కువ నడిచేవాళ్లున్నారు. 1960ల్లో డేవిడ్ హఫ్ అనే అమెరికన్ దీనికో సూత్రం ఇచ్చాడు. షాపుకున్న ఆకర్షణని (ఆయన షాపు సైజు వాడాడు) దూరం పెరిగేకొద్దీ తగ్గించుకుంటూ పోవడమే అందులో కిటుకు. ఎంత వేగంగా తగ్గించాలన్నది సరుకుని బట్టి ఉంటుంది. నేను దూరాన్ని దూరంతోనే గుణించి, దానితో ఆకర్షణని భాగిస్తాను.

ఒక ఇల్లు మీకు 200 మీటర్లలో, పాత టిఫిన్ సెంటర్‌కి 400 మీటర్లలో ఉందనుకోండి. మీ ఆకర్షణ 1. ఆయనకి పేరుంది, కూర్చోడానికి బల్లలున్నాయి కాబట్టి 3 వేసుకుందాం. 200 మీటర్లని ఒక కొలతగా తీసుకుంటే మీ బలం 1 ÷ 1 = 1. ఆయన దూరం రెండు కొలతలు, రెండు రెళ్లు నాలుగు, కాబట్టి 3 ÷ 4 = 0.75. ఆ ఇంటివాళ్లు పదిసార్లు టిఫిన్ తింటే దాదాపు ఆరుసార్లు మీ దగ్గర, నాలుగుసార్లు ఆయన దగ్గర. మూడు రెట్లు పేరున్నవాడి మీద కూడా దగ్గరితనం గెలిచింది. అయితే మొత్తం ఆ ఇల్లు మీదే అనుకుని పిండి నానబెట్టకండి.

ఆకర్షణకి మార్కులు మీరే వేసుకోకండి. ఎవరైనా తన చట్నీకి పదికి పది వేసుకుంటాడు. ఆ వీధిలో నలుగురు ఆటోవాళ్లని అడగండి, నిజం చెప్తారు.

పొద్దున్నే నిలబడండి

కాగితం మీద రెండు చోట్లు తేలాక, ఒక్కో చోట రెండు పొద్దులు నిలబడాలి. ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా. ఒకటి మామూలు రోజు, ఒకటి ఆదివారం. నేను కుడి జేబులో చింతపిక్కలు పోసుకుని, పదిమంది దాటినప్పుడల్లా ఒక పిక్క ఎడమ జేబులోకి మార్చేవాణ్ణి. ఫోన్లో నొక్కుకోవచ్చు గానీ, ఫోన్ పట్టుకుని నిలబడితే అందరూ సర్వే అనుకుని ఇళ్ల పట్టాల గురించి అడుగుతారు.

ఎంతమంది అన్నదానికంటే ఎటువైపు పోతున్నారన్నది చూడండి. మనం ఎడమవైపు నడిపేవాళ్లం. పొద్దున కాలనీ నుంచి సెంటర్‌కి ఉద్యోగాలకి పోయేవాళ్లు రోడ్డుకి ఒక పక్క, సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు రెండో పక్క ఉంటారు. టిఫిన్ సెంటర్ వెళ్లే పక్క ఉండాలి. బేకరీ, కూరగాయలు, మిర్చి బజ్జీల బండి వచ్చే పక్క ఉండాలి. ఇళ్ల లెక్కలో రెండు పక్కలూ ఒకటే, కానీ పార్సిల్ కోసం బండి ఆపేవాడికి ఒకటి కాదు.

పనిలో పనిగా గోడల మీద ఎర్ర రంగు గీతలున్నాయేమో చూడండి. ఉంటే రోడ్డు వెడల్పు చేస్తారేమోనని అనుమానించాలి. మున్సిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ వాళ్లని అడిగితే తెలుస్తుంది. ఇంటి ఓనరు మాత్రం చచ్చినా చెప్పడు.

రోడ్డు చుట్టు తిరిగి కలిస్తే

చెట్టు కొమ్మల్లాంటి రోడ్లకి సగం లెక్క సరిపోయింది. రోడ్లు గుండ్రంగా తిరిగి కలిసే ఊళ్లో అది పనిచేయకపోవచ్చు. మూడు కాలనీలు, ఒక్కో దాంట్లో 100 ఇళ్లు, ఏ రెండిటి మధ్య చూసినా 600 మీటర్లు అనుకోండి. మీరు మొదటి కాలనీలో పెడితే, రెండోవాడు మిగతా రెండిటి మధ్య నట్టనడుమ పెడతాడు. ఆ రెండు కాలనీలకీ వాడు 300లో, మీరు 600లో. వాడికి 200 ఇళ్లు, మీకు 100. సరే అని మీరు లేచి మొదటి, రెండో కాలనీల మధ్య రోడ్డు మీద, రెండో కాలనీకి 250 మీటర్లలో పెడితే ఆ రెండూ మీవవుతాయి, వాడికి 100 మిగులుతాయి. వాడు మళ్లీ జరుగుతాడు. ఈ ఆటకి అంతం లేదు. అలాంటి చోట బండి పెట్టుకోండి, షట్టర్ వద్దు.

దీంట్లో ఇంకో మెలిక ఉంది. అందరి నడక మొత్తం తగ్గాలంటే కూడళ్లు చూస్తే చాలు, రోడ్డు మధ్యలో వెతకనక్కర్లేదని హకీమీ అనే ఆయన 1964లో నిరూపించాడు. కానీ అది పోటీ లేనప్పటి మాట. పైన మూడు కాలనీల కథలో గెలిచిన చోట్లన్నీ రోడ్డు మధ్యలోనే ఉన్నాయి. పోటీ ఉంటే, రోడ్లు చుట్టు తిరిగి ఉంటే, మధ్యలో షట్టర్లు కూడా చూడండి.

అగ్రిమెంటు రాసే ముందు

రెండు చోట్ల అద్దెల్ని నేరుగా పోల్చకండి. అద్దెని దక్కే ఇళ్లతో భాగించండి, మూడోవాడు వచ్చాక మిగిలే ఇళ్లతో ఇంకోసారి భాగించండి. స్కూలు మలుపు అద్దె 12,000 అయితే 240 ఇళ్ల మీద ఇంటికి 50 రూపాయలు. మూడోవాడొచ్చాక 90 ఇళ్ల మీద 133. కాలనీ అద్దె 9,000 అయితే ముందూ 60, తర్వాతా 60.

నాకు లోకువగా కనిపించిన రైల్వే గేటు గురించి కూడా చెప్పాలి. సెంటర్లో షాపున్నప్పుడు అక్కడ పెట్టినవాడికి 80 ఇళ్లే. తర్వాత పట్టాల కింద అండర్ బ్రిడ్జి పడింది. గేటు నుంచి కొత్త కాలనీకి నేరుగా 400 మీటర్లలో దారి వచ్చింది. అంతకుముందు కాలనీ వాళ్లకి సెంటర్ 900 మీటర్లు. ఇప్పుడు అండర్ బ్రిడ్జి మీదుగా 600, గేటు అయితే 400. ఒక్క కొత్త ఇల్లు కట్టకుండానే గేటు దగ్గర షట్టర్ విలువ 80 ఇళ్ల నుంచి 230కి లేచింది. పనులు మొదలై బోర్డు పెట్టినప్పుడే ఒకావిడ అక్కడ మూడేళ్లకి అగ్రిమెంటు రాయించుకుంది. ఇప్పుడు నేను పొద్దున పూట పూరీ తినేది అక్కడే. కూరలో ఉల్లిపాయ కాస్త తక్కువ వేస్తుంది గానీ, నాకు దగ్గర.